బిడ్డ లేని పంచాయితీ

పోయిన వారం నాగరాణి టీచరును మనం బడి వెనక కుళాయి దగ్గర వదిలేసి వచ్చాం. పదో తరగతి భాగ్యశ్రీ ఆవిడ చేయి గట్టిగా పట్టుకుని ఒట్టు వేయించుకుంటోంది. ఆ ఒట్టు దాకా ఎలా వచ్చామో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. కిందటి నెల తల్లిదండ్రుల సమావేశంలో పిల్లలందరినీ వరండాలో నిలబెట్టి, తలుపు దగ్గరగా వేసి, భాగ్య తండ్రి జంగప్పతో నాగరాణి ఒక మాట అంది. "మీ అమ్మాయి మధ్యాహ్నాలు క్లాసులో ఉండటం లేదు. బస్టాండు దగ్గర ఎవరో అబ్బాయి బండి ఎక్కుతుంటే నా కళ్ళతో చూశాను. జర కనిపెట్టుకుని ఉండండి" అంది. మంచి మాటే చెప్పాననుకుంది. జంగప్ప ఆ సాయంత్రమే హాస్టల్లో కూతురి పెట్టె సర్దించి బషీరాబాద్ బస్సు ఎక్కించాడు. అప్పటినుంచి ఆ పిల్ల పుస్తకం ముట్టలేదు, గొర్రెల వెంట తిరుగుతోంది.

ఇవాళ మళ్ళీ సమావేశం. తండ్రి వెంట వచ్చిన భాగ్య టీచరును కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి అసలు సంగతి చెప్పింది. ఆ బండి అబ్బాయి పాండు, స్వయానా వాళ్ళ బావ. రెండేళ్ళ కిందట వేరే కులం వాణ్ణి చేసుకుందని కులపెద్దలు వెలివేసిన అక్క బిందు, ఎక్కడికీ పోలేదు, ఈ తాండూరులోనే ఉంది. భాగ్య దొంగచాటుగా అక్క దగ్గరికే పోయివస్తోంది. "మా నాయినకు చెప్పకు మేడం. తెలిస్తే నన్ను మల్ల బడి మొకం చూడనియ్యడు" అంది. నాగరాణి ఒట్టు వేసింది. అలా వేసేసిందే గానీ, గంట కొట్టి సమావేశం మొదలయ్యేసరికి ఆ చేయి ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకు తెలియలేదు.

ఈ నెల నుంచి సమావేశంలో తల్లిదండ్రుల పక్కన పిల్లలు కూడా కూర్చోవాలని కొత్త హెడ్మాస్టరు విజయ్‌కుమార్ పట్టుబట్టాడు. పూడూరు నుంచి బదిలీ మీద వచ్చిన దగ్గర్నుంచీ ఆయనది ఇదే పాట. "పిల్ల గురించి పిల్ల లేకుండా మాట్లాడుకుంటే అది చాడీలు చెప్పుకోవడం అవుతుంది గానీ సమావేశం ఎట్లా అవుతుంది మేడం?" అంటాడు ఆయన. "పెద్దల ముందు కూర్చోబెడితే ఏ పిల్లా నోరు విప్పదు సార్. ఇంటికెళ్ళాక వీపు మాత్రం పగులుతుంది" అంటుంది నాగరాణి. స్టాఫ్ రూములో టీ చల్లారిపోయేంత వాదన జరిగింది. ఇద్దరూ చెప్పేది నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. కాకపోతే హెడ్మాస్టరు చెప్పే నిజానికి బలం ఎక్కువ కాబట్టి ఆయన మాటే నెగ్గింది.

భాగ్య వంతు వచ్చింది. వరండాలో మిగతా తల్లిదండ్రులు వరుసగా కూర్చుని ఉన్నారు. బయట రోడ్డు మీద కందుల లారీలు మార్కెట్ యార్డు వైపు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల నుంచి లేచిన తెల్లటి దుమ్ము కిటికీ ఊచల మీద మందంగా పేరుకుని ఉంది.

జంగప్ప బెంచీ మీద కూర్చోలేదు. గదంతా ఒకసారి కలయజూసి, "సారు, గా కుర్సీ జర పక్కకు జరుపుండ్రి. మేడం ఇటు దిక్కు, మేం అటు దిక్కు, బిడ్డ నడుమ" అన్నాడు. బషీరాబాద్ మండలంలో వాళ్ళ కులంలో ఏ తగువు వచ్చినా జంగప్ప లేకుండా తెగదు. నలుగురిలో మాట చెల్లే మనిషి. అదే ధీమాతో నున్నటి బండల నేల మీద గొంగడి పరిచి మఠం వేసుకుని కూర్చున్నాడు. పక్కన భార్య బుగ్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒదిగింది. భాగ్య ఎదురుగా కూర్చుని నేల చూపులు చూస్తోంది. కుర్చీల్లో మిగిలిపోయిన హెడ్మాస్టరూ టీచరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి విజయ్‌కుమార్ ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని తానూ కింద కూర్చున్నాడు. నాగరాణికీ తప్పలేదు.

"సారు, మంద ఎల్లుండి మక్తల్ దిక్కు కదులుతది. ఎండకాలం దాంక మల్ల రాము" అని మొదలుపెట్టాడు జంగప్ప. "బిడ్డ బడిల ఉంటదా, మంద ఎంట నడుస్తదా, ఇయ్యాల్నే తెగాలె."

"మంద వెంటేమిటి? మార్చిలో పరీక్షలు పెట్టుకుని!" అన్నాడు హెడ్మాస్టరు.

"పరీక్ష నాకు ఎర్కనే సారు. గీ పిల్ల సదువుతదని ఊర్ల అందరికి చెప్పుకొని తిరిగినోన్ని నేనే. గని మేడం గా మాట చెప్పినంక నా నెత్తి పనిచెయ్యలే. ఇంటికాడ అడిగిన. ఉలకది పలకది. వాళ్ళమ్మ గూడ అడిగింది, ఏం లాభం లేదు. అప్పుడు నాకు యాదికొచ్చింది. మేము గొర్రెను దొంగిలించినోన్ని గూడ ఎదురుంగ కూసోబెట్టుకోకుండ ఒక్క మాట అనం. చెప్పినోళ్ళు ఉండాలె, మాట పడ్డోళ్ళు ఉండాలె. ఇద్దరు మొకాలు చూసుకోవాలె. గట్లాంటిది, నా కడుపుల పుట్టిన పిల్లను బయట నిలబెట్టి, లోపట మేడం మాట ఇని, రెక్క పట్టుకొని గుంజుకపోయిన. గది నా తప్పు సారు. ఒప్పుకుంటున్న. అందుకే తోలుకొచ్చిన."

విజయ్‌కుమార్ మొహం వెలిగిపోయింది. హైదరాబాద్ శిక్షణలో విన్న మాట ఎవరి నోటినుంచైనా రాకపోతుందా అని ఆయన ఇన్నాళ్ళూ ఎదురుచూశాడు. అది ఇప్పుడు గొంగడి మీద కూర్చున్న మనిషి నోటినుంచి వచ్చింది. "చూశారా మేడం! నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే కదా!" అన్నాడు సంబరంగా. ఆ సంబరం చూస్తే నాగరాణికి ఒళ్ళు మండింది. పాపం ఆయనకేం తెలుసు, ఆ పిల్ల నోరు విప్పితే ఒక కొంప, విప్పకపోతే ఇంకో కొంప మునుగుతుందని.

"మా తాన మూడు సార్లు అడుగుతం సారు" అన్నాడు జంగప్ప. "మూడు సార్లకు గూడ మాట రాకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. దాని మీద మల్ల మాట లేదు."

హెడ్మాస్టరు నవ్వు కాస్త తగ్గింది. "ఒప్పుకున్నట్టు ఎలా అవుతుందండీ? చిన్నపిల్ల. భయంతో మాట్లాడకపోవచ్చు కదా."

"తప్పు చెయ్యకుంటే భయమెందుకు సారు?"

నాగరాణి తల దించుకుంది. క్లాసులో తను ఎన్నిసార్లు అందో ఆ మాట! లెక్క చేయకుండా వచ్చిన పిల్లల్ని నిలబెట్టి, చేసుకొస్తే భయమెందుకే అని నిలదీసేది. ఇప్పుడు ఎదురుగా ఉన్న పిల్ల ఏ తప్పూ చేయకుండానే వణికిపోతోంది. ఆ వణుకు తన చలవే.

"భాగ్య, మొకం ఎత్తు" అన్నాడు జంగప్ప. గొంతు కరుగ్గా లేదు, అదే ఇంకా భయపెట్టింది. "మేడం చూసిన్నన్నది. బండి మీద పోయింది నువ్వేనా? ఎవరు గా పోరడు?"

భాగ్య తలెత్తింది. తండ్రిని చూడలేదు, టీచరును చూసింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు.

"ఒక్కపారి అయ్యింది" అన్నాడు జంగప్ప.

బుగ్గమ్మ కూతురి మోకాలి మీద చేయి వేసింది. "చెప్పు బిడ్డ. ఏదో ఒకటి చెప్పు" అంది, గొంతు బయటికి రానంత మెల్లగా.

"నువ్వు జర ఆగు. బిడ్డా, మల్ల అడుగుతున్న. ఎవరు గాడు?"

మాట లేదు. వరండాలో ఎవరి పిల్లో కిలకిల నవ్వితే తల్లి కసిరింది. భాగ్య చేతులు రెండూ ఒడిలో గట్టిగా ముడేసుకుని ఉన్నాయి. ఇంకొక్క ప్రశ్న. ఆ తర్వాత ఈ పిల్ల ఎల్లుండి పొద్దున గొర్రెల వెనక మక్తల్ దారిలో ఉంటుంది. లెక్కల్లో తన క్లాసు మొత్తంలో మొదటి పిల్ల! నాగరాణి చేయి అడ్డం పెట్టింది.

"ఆగండి జంగప్పగారూ" అంది. "అది భాగ్య కాదు."

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"నేను పొరబడ్డాను. ఆ రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి ఆటోలో స్టేషనుకు పోతూ దూరం నుంచి చూశాను. నేను వికారాబాద్ రైలు అందుకోవాలి కదా, ఆ తొందరలో సరిగ్గా చూడలేదు. యూనిఫాం ఒకటే, జడలు ఒకటే. తర్వాత తెలిసింది, అది వేరే అమ్మాయి. మీకు ఫోన్ చేసి చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే."

ఇంత చక్కగా అబద్ధం ఆడగలనని నాగరాణికి ఆ రోజుదాకా తెలియదు. భాగ్య కళ్ళు పెద్దవయ్యాయి. 

జంగప్ప మొహం మొదట వదులైంది. భుజాల మీంచి ఏదో దించుకున్నట్టు నిట్టూర్చాడు. కూతురి వైపు చేయి చాచబోయాడు. అంతలోనే ఆ చేయి ఆగిపోయింది. నెత్తురు మొహంలోకి పొంగింది.

"నీకు పిల్లలున్నరా మేడం?" అన్నాడు. ఇందాకటిదాకా ఉన్న మన్నన మాటలోంచి జారిపోయింది.

"ఉంది. ఏడో తరగతి."

"నా బిడ్డ ఇన్ని దినాల సంది అన్నం సక్కగ తినలే. నేను దాని మొకం చూసి మాట్లాడలే. నా తమ్ముళ్ళు దాన్ని చూసి ఉమ్మేసిండ్రు. ఊరందరికి ఎర్కయింది, జంగప్ప రెండో బిడ్డ గూడ గట్లనే అయిందని. నువ్వు పొరబడ్డ అని నీ పాటికి రైలెక్కి పోతవ్. నా ఇజ్జత్ ఎవరు తెస్తరు?"

"క్షమించండి. చేతులు జోడించి..."

"నాకెందుకు మొక్కుతవ్? నువ్వు చెప్పింది తలుపేసుకొని చెప్పినవ్. ఇప్పుడు తలుపు తీసి చెప్పు. గా వరండాల మా దిక్కు ఊర్లోళ్ళు శానమంది ఉన్నరు. బయటికి రా. జంగప్ప బిడ్డ మీద లేని మాట పుట్టించిన అని అందరి ముందట చెప్పు. నేను గిప్పుడే నా బిడ్డను హాస్టల్ల దింపిపోత."

"అదెట్లా కుదురుతుందండీ!" హెడ్మాస్టరు గబుక్కున లేచాడు. "బడి పరువు ఏం కావాలి? టీచరమ్మ మాట మీద రేపు ఏ తల్లి నమ్మకం పెట్టుకుంటుంది? కావాలంటే ఇక్కడే, మనలో మనం..."

"గదే సారు మీరు వద్దన్నది ఇప్పటిదాంక. మనల మనం" అన్నాడు జంగప్ప. విజయ్‌కుమార్‌కు తన మాటే ఎదురు తిరిగింది.

నాగరాణి లేచి నిలబడింది. ఆవిడ ఆలోచన అంతా ఇంతా కాదు. రేపటినుంచి తను ఏ పిల్ల గురించి ఏం చెప్పినా, మొన్న లేనిది పుట్టించిన టీచరే కదా అంటారు. పై ఆఫీసుకు ఎవరో ఒకరు చేరవేస్తారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ మాటా పడని మనిషి. కానీ ఈ పిల్ల పరీక్ష రాస్తుంది. అదొక్కటీ చాలనుకుంది. కొంగు సవరించుకుని తలుపు తీసింది.

వరండాలో మాటలు ఆగిపోయాయి. టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకున్న ఒక తల్లి మూత పెట్టేసింది. మూలన బీడీ కాలుస్తున్న ముసలాయన టీచరమ్మను చూసి నేలకేసి నలిపి ఆర్పాడు. లోపల జరిగినదంతా వాళ్ళు విననే విన్నారని ఆ మొహాలు చూస్తే తెలుస్తోంది. అయినా మర్యాద కోసం విననట్టు కూర్చున్నారు.

"నేను లెక్కల టీచర్ని. నాగరాణి నా పేరు. పోయిన నెల ఇదే గదిలో, నేను ఒక అమ్మాయి మీద..." తలుపు రెక్క పట్టుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. "ఒక అమ్మాయి మీద వాళ్ళ నాన్నకు ఒక మాట చెప్పాను. ఆ మాటలో..."

"మేడం అబద్ధం చెప్తున్నది!"

భాగ్య ఎప్పుడు లేచిందో, గుమ్మంలో నిలబడి ఉంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"భాగ్యా, లోపలికి వెళ్ళు" అంది నాగరాణి.

"పోను. నువ్వు నా కోసం అబద్ధం చెప్తున్నవ్ మేడం. నాకు ఎర్కనే. నేను ఊకోను." తండ్రి వైపు తిరిగింది. "నాయినా, మేడం తప్పు చూడలే. బండి మీద పోయింది నేనే."

జంగప్ప గది మధ్యలో నిలబడిపోయాడు. వరండాలో గుసగుసలు లేచాయి. విజయ్‌కుమార్ రెండు చేతులూ ఊపుకుంటూ ముందుకు వచ్చాడు. పిల్లలు సమావేశంలో ఉండి తీరాలని వాదించిన మనిషే. "అమ్మాయీ, నువ్వు కాసేపు గ్రౌండులోకి వెళ్ళి కూర్చో తల్లీ. పెద్దవాళ్ళం మేం మాట్లాడుకుంటాం. మీరందరూ కూడా జర అటు..."

"ఉండనీయండి సార్" అంది నాగరాణి. "ఆ అమ్మాయి సంగతే కదా."

హెడ్మాస్టరు ఆవిడ వైపు వింతగా చూశాడు. వింత ఏముంది? వాదించినప్పుడు ఆవిడకు తెలియనిది ఇప్పుడు తెలిసింది. కిందటి నెల ఆ తలుపు వేయకముందు ఒక్కసారి, బస్టాండు దగ్గరికి ఎందుకు పోతున్నావే అని ఈ పిల్లనే అడిగి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. అడగాలని తట్టనే లేదు. తట్టనందుకు ఆవిడకు తన మీదే అసహ్యం వేసింది.

"ఎవరు గాడు?" అన్నాడు జంగప్ప. మూడో ప్రశ్న.

"పాండు బావ."

జంగప్పకు వెంటనే అర్థం కాలేదు. ఆ పేరు ఆయన ఇంట్లో ఎవరూ పలకరు. అర్థమయ్యాక మెడ నరాలు బిగుసుకున్నాయి.

"నేను అక్క ఇంటికి పోతున్న నాయిన. అక్కకు దసరా ముందర కాన్పయింది. పాప పుట్టింది. బావకు తల్లి లేదు. అక్క దిక్కు ఎవ్వరు లేరు. పాపను కాళ్ళ మీద పండుకోబెట్టుకొని నీళ్ళు పోసుడు అక్కకు రాదు, చేతులు వణుకుతయ్. ముక్కుల్లకు నీళ్ళు పోయినయని ఒకదినం ఏడ్చుకుంట నాకు ఫోన్ చేసింది. నాకు వస్తది గదా, చిన్నమ్మ పిల్లలకు నేనే పోసిన. బావ పాలిష్ ఫ్యాక్టరీల అన్నం టైముకు బయటపడుతడు, గప్పుడే బండి మీద బస్టాండ్ కాడికొచ్చి తీస్కపోతుండె. నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగేసి, పండుకోబెట్టి వస్తుంటి. గంతే. ఇంకేం లేదు నాయిన. గంతే."

చెప్పడం అయ్యాక ఏడ్చింది. అంతవరకూ ఏడవలేదు.

టిఫిన్ డబ్బా తల్లి "అయ్యో" అంది. బుగ్గమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు జారిపోయింది. "ఆడపిల్లనా? ఎట్లున్నదే? ఎవరి పోలిక?" అని అడిగింది.

"నోరు మూయి!" అన్నాడు జంగప్ప. గది అదిరింది. "గా పేరు మన ఇంట్ల ఎత్తొద్దని తీర్పయింది. ఎవరు చెప్పిండ్రు తీర్పు? నేనే చెప్పిన. నా బిడ్డ అని ఎనకకు పోలే. పెద్దమనిషి అనిపించుకొని సొంత బిడ్డకు ఒక న్యాయం, ఊరోళ్ళ బిడ్డకు ఒక న్యాయం చెయ్యొస్తదా? కబురు పంపినం. వచ్చి నడుమ కూసోని నీ మాట చెప్పుకో అన్నం. 'మీ పంచాయితీ నాకెందుకు' అన్నది. గంత మాట అన్నదానికి పిల్ల పుడితే నాకేంది, పుట్టకుంటే నాకేంది!"

"అక్క గట్ల అనలే" అంది భాగ్య.

"అన్నది. మీ అమ్మ తోటి చెప్పి పంపింది."

"అనలే నాయినా! అక్క గాదినం వచ్చింది. నాకు చెప్పింది. ఊరి పొలిమేర దాంక వచ్చిన్నని, లోపటికి రానియ్యలేదని. ఎవరు రానియ్యలేదో చెప్పలే. ఎన్నిసార్లు అడిగినా చెప్పదు."

జంగప్ప మెల్లగా భార్య వైపు తిరిగాడు. ఆయన అడగనే లేదు. బుగ్గమ్మ ఆగనూ లేదు.

"నేనే" అంది.

ఇంతసేపూ గుసగుసగా వచ్చిన గొంతు ఇప్పుడు వరండా చివరిదాకా వినబడింది.

"కంది చేన్ల పక్కన నిలబడ్డది, గా పిలగాని తోటి. నాయిన ముందట కూసుంట, నాయిన ఏం అడిగినా చెప్త అన్నది. కొత్త చీర కట్టుకొని వచ్చింది నా బిడ్డ. నేనే కాళ్ళు పట్టుకొని యెనుకకు పంపిన. నువ్వు వస్తే నేను బాయిల పడి సస్త అన్న. అది రానన్నదని నీకు అబద్ధం చెప్పిన. పంచాయితీ నాకెందుకు అన్నదని గూడ నేనే పుట్టించిన. అట్లంటేనే నువ్వు మల్ల పిలువవని."

"ఎందుకు?" అన్నాడు జంగప్ప. 

"నీ తమ్ముళ్ళు చావడి యెనుక కట్టెలు పట్టుకొని కూసున్నరు. పంచాయితీ అయినంక పిలగాన్ని ఊరు దాటనియ్యొద్దని అనుకుంటుంటే నా చెవుల ఇన్న. నీకు జెప్తే ఏమంటవ్? నా తమ్ముళ్ళు గట్లాంటోళ్ళు కాదంటవ్. నీకు పంచాయితీ కనబడ్డది, కట్టెలు కనబడలే. నా బిడ్డ రంకులాడి అనిపించుకున్నా బతికి ఉంటది అనుకున్న. దాని దిక్కు నేను అబద్ధమాడిన. తప్పయితే నన్ను కూసోబెట్టి అడుగు."

 నాగరాణి ఆ తల్లినే చూస్తోంది. బిందును పంచాయితీ బయట ఉంచడం బుగ్గమ్మకు క్షేమం అనిపించింది. బయట ఉంచినందుకే ఆ పిల్ల వెలిపడింది. ఎవరిని తప్పు పట్టాలో నాగరాణికి తోచలేదు, తిట్టాలనిపించింది మాత్రం ఆ కట్టెలు పట్టుకున్న వాళ్ళనే.

జంగప్ప గోడకు చేయి ఆన్చి నిలబడ్డాడు. "నేను తీర్పు చెప్పిన" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తను. "బిడ్డ మాట ఇనకుండ చెప్పిన. అందరు తలకాయలు ఊపిండ్రు."  విజయ్‌కుమార్ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇస్తే తీసుకోలేదు.

ఉన్నట్టుండి గుమ్మం దాటి వరండాలోకి వచ్చాడు. జనం కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుని వెనక్కి తిరిగాడు.

"బిందు ఇల్లు యాడ? చూపియ్యి. నడువు."

బుగ్గమ్మ పెనిమిటి మొహంలోకి చూసింది. ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి కూడా ఆ మొహంలో ఉన్నది కోపమో, మరొకటో తెలియలేదు. "వద్దు భాగ్యా" అంది.

"నడువు అంటున్న గదా!"

భాగ్య మెట్లు దిగింది. నాగరాణి ఆ పిల్ల వెనకే ఒక మెట్టు దిగింది. పట్టుకుని ఆపాలా? ఆపితే ఏమవుతుంది, వదిలితే ఏమవుతుంది? ఆ పసిగుడ్డు ఇంట్లో ఉంది. పాండు ఇప్పుడు అన్నానికి ఇంటికి వచ్చే వేళ.

ఆఖరి మెట్టు మీద పిల్ల ఆగింది. తండ్రికి ఎదురుగా, ఆయన దారికి అడ్డంగా నిలబడింది. చెంపలు తుడుచుకుంది.

"తీస్కపోత నాయిన. గని ముందుగాల ఒకటి చెప్పు. అక్క ఇంటికి నువ్వు ఎందుకొస్తున్నవ్? గీడనే చెప్పాలె. అమ్మ ముందట, మేడం ముందట, గీళ్ళందరి ముందట చెప్పాలె. చెప్పకుంటే నన్ను నరికినా గా తొవ్వ చూపియ్య."

వరండా అంతా జంగప్ప నోటివైపే చూస్తోంది.  ఏం చెప్పాలో ఆ మనిషికే ఇంకా తెలియదని అందరికంటే ముందు కూతురికే అర్థమైంది. అయినా ఆ పిల్ల పక్కకు తప్పుకోలేదు.